ఏసురాజు ఊదిన ట్యూబు

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డులో, తాళ్లరేవు దాటాక, ఒక టైర్ల దొడ్డి ఉండేది. బస్సులో కూర్చున్నవాళ్ళకి అది ఒట్టి చెత్తకుప్ప. లోపలికి వెళ్ళి పని చేయించుకున్నవాళ్ళకి మాత్రం ఒక సంగతి తెలుసు. మిట్టమధ్యాహ్నం అక్కడికి వెళ్ళకూడదు. ఎండ నడినెత్తి మీదికి వచ్చేసరికి ఆ గుట్టలు నిట్టూర్చేవి. ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి, కాసేపాగి మన వీపు వెనకాలే ఇంకొకటి. వేడికి రబ్బరు ఉబ్బితే అలాగే ఉంటుందని చదువుకున్నవాళ్ళు చెప్తారు. చెప్పనివ్వండి. ఆ దొడ్లో మధ్యాహ్నం పూట ఒంటరిగా కూర్చుని అన్నం తిన్నది వాళ్ళు కాదు, సంపూర్ణమ్మ.

సంపూర్ణమ్మది ద్రాక్షారామం పక్క పల్లె. ఏసురాజుని పెళ్ళి చేసుకుని ఈ దొడ్లోకి వచ్చిన కొత్తలో ఆ నిట్టూర్పులకి కంచం వదిలేసి లేచి నిలబడేది. మామ చిట్టియ్య నవ్వేవాడు. "కూర్చోమ్మా. అవి లారీల కింద దేశమంతా తిరిగొచ్చినవి. ఎండ తగిలితే తిరిగిన రోడ్లు గుర్తొస్తాయి. నీ జోలికేం రావులే" అనేవాడు. కోడలికి ధైర్యం చెప్పడమంటే ఆయనకి తెలిసిన పద్ధతి అది.

చిట్టియ్య మెట్ట ప్రాంతం మనిషి. పెద్దాపురం అవతల ఊళ్ళలో, ఎడ్లతో నీళ్ళు తోడే మోట బావులకి తోలు బానలు కుట్టేవాడు. ఇంజన్లు వచ్చాయి, మోటలు పోయాయి, బానలు అడిగే నాథుడు లేడు. కడుపు చేత పట్టుకుని తాళ్లరేవు వచ్చినవాడికి రోడ్డు పక్కన లారీవాళ్ళు పారేసిన టైరు ఒకటి కనిపించింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ తోలే. ఏ గొడ్డుదో తెలీదు, అంతే" అన్నాడట. అలా మొదలైంది ఆ వ్యాపారం. టైరు కోసి నీళ్ళు తోడే బకెట్లు చేశాడు, గొడ్లకి కుడితి తొట్లు చేశాడు, చెప్పులు కుట్టాడు, పడవలు రేవుకి కొట్టుకోకుండా పక్కలకి కట్టే టైర్లు తయారుచేశాడు. కత్తి నీళ్ళలో ముంచి కోస్తే రబ్బరు వెన్నలా తెగుతుంది, పొడి కత్తికి మొండికేస్తుంది. సంపూర్ణమ్మ ఆ ఇంట్లో నేర్చుకున్న మొదటి పని పక్కన నీళ్ళ బొచ్చె పెట్టుకుని కూర్చోవడం. రెండేళ్ళు తిరక్కుండా లారీ టైరు అంచులోంచి ఇనుప తీగని తెగకుండా లాగడం కూడా వచ్చేసింది.

అన్నిటికంటే గిరాకీ ట్యూబులకి ఉండేది. పాత లారీ ట్యూబుకి బెజ్జాలు పూడ్చి, గాలి నింపి ఇస్తే వేటకెళ్ళే బెస్తలు పడవలో పెట్టుకునేవారు. నీళ్ళలో పడ్డప్పుడు పట్టుకోవడానికి అదే దిక్కు. అయితే ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బెజ్జం పూడ్చాక, పంపు తగిలించే ముందు, పూడ్చినవాడే నోటితో ఒక ఊపిరి ఊదాలి. మడతపెట్టి ఉన్న ట్యూబు లోపల అతుక్కుని ఉంటుంది, నోటి ఊపిరి దాన్ని మెల్లగా విడదీస్తుంది. అసలు సంగతి అంతే. కానీ చిట్టియ్య అంతటితో ఊరుకునే మనిషి కాదు.

"ఊదినోడి ఊపిరికి ఇంటిదారి తెలుస్తాది. మనిషి దారి తప్పినా ట్యూబు తప్పదు" అనేవాడు. "కానీ ఒక ట్యూబులో ఒక్కడి ఊపిరే ఉండాలి. ఇద్దరివి కలిశాయనుకో, ఎవరి గుమ్మానికి పోవాలో దానికి తెలీదు. నీళ్ళ మీద అలా తిరుగుతానే ఉంటాది. దాంతోపాటు మనిషీను."

బెస్తలు ఈ మాట నమ్మారు. డబ్బులిచ్చే ముందు "ఊపిరి పోశారాండి?" అని అడిగి మరీ తీసుకునేవారు. చిట్టియ్య పోయాక ఆ పని పెద్దకొడుకు ఏసురాజుకి వచ్చింది. అతనికి బీడీ అలవాటు లేదు. దొడ్లో ఉన్న జామచెట్టు చిగుళ్ళు కోసుకుని పొద్దస్తమానం నములుతూ ఉండేవాడు. అతను ఊదిన ట్యూబు వాల్వు దగ్గర ముక్కు పెడితే జామాకు వాసన వస్తుందని రేవులో వేళాకోళం చేసేవారు. సంపూర్ణమ్మకి ఆ వేళాకోళం ఇష్టంగా ఉండేది. మొగుడు సముద్రం మీద అంతమందికి తోడు వెళ్తున్నాడని లోలోపల గర్వపడేది కూడా.

తొంభై ఆరు నవంబరులో, తుఫాను వచ్చిన రోజు పొద్దున, ఏసురాజు ట్యూబులు వేసుకుని పడవ మీద నదీముఖం దగ్గరున్న పల్లెకి బయలుదేరాడు. సన్నగా తుంపర పడుతోంది. ఆ నెలలో తుంపర పడటం వింతేమీ కాదు. ఆఖరి ట్యూబుని గుమ్మంలోనే కూర్చుని పూడ్చాడు. అతుకు మూలలు గుండ్రంగా కత్తిరించడం అతనికి అలవాటు. చూసినవాళ్ళు ఎవరైనా ఇది ఏసురాజు చేతి పని అని చెప్పేస్తారు. వాల్వు పిన్ను తీసి, నోరు పెట్టి, ఒక్క ఊపిరి ఊది, ఆ మీద పంపు కొట్టాడు.

"ఇదెవరికీ?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"ఎవరికీ కాదు. పడవలో చెక్క గుచ్చుకుంటంది, కూర్చోడానికి నాకే" అన్నాడు. జామ చిగురు నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె కుడితి తొట్టి కోయడంలో పడిపోయి, వెళ్తున్నవాడి వంక సరిగా చూడను కూడా చూడలేదు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో ఆ ప్రాంతంలో చెప్పాల్సిన పని లేదు. ప్రతి ఇంట్లోనూ చెప్పుకునేవాళ్ళున్నారు. తెల్లారేసరికి జామచెట్టు వేళ్ళతో సహా పడిపోయి ఉంది. దొడ్లో టైర్లు వరిచేల నిండా చెల్లాచెదురుగా పడున్నాయి. ఏసురాజు రాలేదు. మరిది బుల్లియ్య శవాలు చేర్చిన చోటల్లా తిరిగి, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక్కొక్క మొహమూ చూసి వచ్చాడు. అందులో అన్న లేడు.

నీళ్ళు తీశాక చంద్రరావు అనే పడవ యజమాని ఒక ట్యూబు భుజాన వేసుకుని దొడ్లోకి వచ్చాడు. మడ అడవిలో, మనిషి వెళ్ళలేని చోట, వేళ్ళ మధ్య నిలబడి ఉందట. గుండ్రటి మూలల అతుకు. ట్యూబు నిండుగా ఉంది, చిన్న గీత కూడా పడలేదు. దానికి నీలం గళ్ళ లుంగీ పీలిక ఒకటి కట్టి ఉంది. నడుముకి కట్టుకున్నంత ఉచ్చు.

"ఆయ్, మీ ఇంటిదేనండి" అన్నాడు చంద్రరావు. తరవాత తల వంచుకుని మెల్లగా చెప్పాడు. "ముడి విప్పలేదండి. గుడ్డ తెగలేదు. లోపల మనిషి మటుకు లేడు."

సంపూర్ణమ్మ ఏడవలేదు. ట్యూబు తీసుకుని వసారాలో మేకుకి తగిలించింది. ఏసురాజు తల్లి రాహేలమ్మ దాని కింద చతికిలబడి, ఎప్పుడూ బుగ్గన ఉండే లవంగం ఉమ్మేసి, కొడుకు పేరు పెట్టి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది.

పాస్టరుగారు వచ్చి, దేహం దొరక్కపోయినా, పోయినవాళ్ళ పేరున చేసే ఆదరణ కూడిక పెట్టుకోవచ్చని, పెట్టుకుంటే మనసు కుదుటపడుతుందని చెప్పారు. సంపూర్ణమ్మ ట్యూబు వంక చూపించింది. "ఆయన ఊపిరి ఇంకా ఇంట్లోనే ఉందండి. ఉండగా కూడిక ఎలా పెడతాం? దారి తెలుసుకుని అదొచ్చింది. వెనకాల ఆయనా వస్తారు" అంది. ఆ మాట అంత మామూలుగా అనేసరికి పాస్టరుగారు టీ తాగకుండానే లేచారు.

అసలు భయం తరవాత మొదలైంది. ఎంత మంచి ట్యూబైనా నాలుగైదు నెలల్లో మెత్తబడుతుంది. రబ్బరు పని తెలిసిన ఇంట్లో ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. ఈ ట్యూబు మెత్తబడలేదు. బుల్లియ్య పరీక్షకని అలాంటిదే ఇంకొకటి గాలి కొట్టి పక్క మేకుకి తగిలించాడు. వేసవిలో దాళ్వా కోతలు అయ్యేసరికి అది పొట్లకాయలా వేలాడిపోయింది. అన్నయ్య ట్యూబు మాత్రం నిండుగానే ఉంది. ఎండెక్కితే ఇంకాస్త ఉబ్బేది, తెల్లవారుజామున కాస్త తగ్గేది. వసారాలో పడుకున్నవాళ్ళకి అది పక్కన మనిషి ఊపిరి తీసి వదులుతున్నట్టే ఉండేది.

"వదినా, రబ్బరు ఇలా ఉండదు" అన్నాడు బుల్లియ్య ఒకరోజు.

"మీ అన్నయ్య ఉండనిస్తున్నారు" అందామె, కత్తి నీళ్ళలో ముంచుతూ.

బుల్లియ్య ఆ రోజు నుంచి వసారాలో భోజనం చేయడం మానేశాడు. బెస్తల ఇళ్ళలో ఆడవాళ్ళు మాత్రం మొగుళ్ళు వేటకెళ్ళేముందు వచ్చి ఆ ట్యూబుని ముట్టుకుని వెళ్ళేవారు. మధ్యాహ్నం గుట్టలు నిట్టూర్చినప్పుడల్లా సంపూర్ణమ్మ అన్నం కలుపుతూ ట్యూబు వంక చూసేది. ఒకనాడు అది కూడా నిట్టూర్చినట్టు ఆమెకి వినిపించింది. భయపడాల్సింది పోయి సంతోషపడింది. అంత పిచ్చి ప్రేమ ఆమెది.

ఏళ్ళు గడిచాయి. ప్లాస్టిక్ బకెట్లు వచ్చి టైరు బకెట్లని అటకెక్కించాయి. చెప్పులు అడిగేవాళ్ళు పోయారు. బుల్లియ్య కంప్రెసర్ కొన్నాడు. నోటితో ఊదే ఓపిక అతనికి లేదు, బెస్తలు కూడా అడగడం మానేశారు. తరవాత సామర్లకోట వైపు ఎవరో టైర్లు మరగబెట్టి నూనె తీసే ఫ్యాక్టరీ పెట్టారు. కోసే పని లేకుండా టైర్లు టైర్లుగానే లారీకెక్కించి అక్కడికి పంపడం మొదలైంది. చిట్టియ్య కత్తి తుప్పు పట్టింది. దొడ్లోకి టైర్లు వచ్చేవి, పోయేవి. నిలవుండేది ఆ మేకుకి ఉన్న ట్యూబు ఒక్కటే.

రెండు వేల అయిదు వానాకాలంలో రాహేలమ్మకి ఆయాసం పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. కాకినాడ పెద్దాసుపత్రిలో ఇచ్చిన మందులు వారం పనిచేస్తే పది రోజులు పనిచేసేవి కావు. సరిగ్గా ఆ రోజుల్లోనే, వసారా ఊడుస్తూ సంపూర్ణమ్మ ట్యూబు మీద చెయ్యేసింది. వేలు లోపలికి దిగింది.

నీళ్ళ తొట్టిలో ముంచి చూసింది. ఒక్క బుడగ రాలేదు. వాల్వు మీద ఉమ్మి రాసి చూసింది. అక్కడా లేదు. అయినా అది రోజురోజుకీ కుంగిపోతోంది. ఆయన వెళ్ళిపోతున్నారని ఆమెకి అనిపించింది. ఇన్నేళ్ళు ఎదురుచూసి, వచ్చే దారిలో విసిగి, వెనక్కి తిరిగారని. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం చర్చిలో వాక్యం మధ్యలో లేచి ఇంటికి వచ్చేసింది. మోకాళ్ళ నొప్పులని చెప్పి రాహేలమ్మ ఆదివారాలు చర్చికి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. సంపూర్ణమ్మ గుమ్మంలో అడుగు పెట్టేసరికి ముసలామె వసారాలో పీట వేసుకుని, ట్యూబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వాల్వు పిన్ను పీకి పక్కన పెట్టింది. బొటనవేలు అడ్డం పెట్టి, తీసి, నోరు ఆనించి ఊదుతోంది. ఊదడానికి ఊపిరి లేదు. మొహం నల్లబడింది. దగ్గొచ్చి ఆగి, మళ్ళీ నోరు పెడుతోంది.

"అత్తా" అంది సంపూర్ణమ్మ.

రాహేలమ్మ ఉలిక్కిపడలేదు. ముందు పిన్ను బిగించింది. ఆ ఇంట్లో ఎవరైనా ముందు ఆ పనే చేస్తారు. తరవాత చెప్పింది. "మొదటేడే మెత్తబడిందే. నువ్వు దానికేసి చూసి ముద్ద మింగుతున్నావు. అది దిగిపోతే నువ్వూ దిగిపోతావనుకున్నాను. ప్రతి ఆదివారం ఒకటో రెండో ఊదేదాన్ని."

సంపూర్ణమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మామ మాట గుర్తొచ్చింది. ఒక ట్యూబులో ఒక్కడి ఊపిరే ఉండాలి. ఈ ఇంటి పెద్దదిక్కుకి, చిట్టియ్య పెళ్ళానికి ఆ మాట తెలియదా?

"ఆయన దారికి నువ్వే అడ్డం పడ్డావు" అంది. "ఎవరి గుమ్మానికి రావాలో తెలీకుండా చేశావు. ఇన్నేళ్ళబట్టి ఆ నీళ్ళ మీదే తిరుగుతున్నారు."

రాహేలమ్మ కళ్ళలో భయం అప్పుడు కనిపించింది. కొత్త భయం కాదది. ప్రతి ఆదివారం ఊదుతూ ఆమె మోసిందే. "కలిసిపోయుంటాయంటావా?" అని అడిగింది. "నాదీ వాడిదీ. తల్లీకొడుకులమే కదా. కలిసినా తప్పు లేదేమోనని..."

సంపూర్ణమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తరవాత అన్నం పెట్టింది, మందులిచ్చింది, ఒళ్ళు తుడిచింది. మాట మాత్రం ఇవ్వలేదు. ముసలామె గంజి తాగుతూ, మందు మింగుతూ, చివరికి ఊపిరి అందని స్థితిలో కూడా, కోడలి మొహంలోకి చూసి పెదాలు కదిపేది. అడిగేది ఆ ఒక్క మాటేనని సంపూర్ణమ్మకి తెలుసు. తెలిసీ మొహం తిప్పుకుంది. క్రిస్మస్ ముందు రాహేలమ్మ జవాబు లేకుండానే వెళ్ళిపోయింది. కోపం మంచిదే, కానీ దానికి ఎప్పుడు ఆగాలో తెలీదు.

ఊదే మనిషి లేదు కాబట్టి ట్యూబు ఇంక పూర్తిగా దిగిపోతుందని బుల్లియ్య అనుకున్నాడు. ఫ్యాక్టరీ లారీలో వేసేద్దామని కూడా లోపల అనుకుని ఉంటాడు. అది సగానికి దిగింది. అక్కడ ఆగిపోయింది. సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది, మామిడి పూత రాలి పిందెలు పడ్డాయి. అది అక్కడే ఉంది.

"ఇంక ఎవరూ ఊదట్లేదు కదా వదినా" అన్నాడు బుల్లియ్య, దూరంగా నిలబడి. "నువ్వు గానీ..."

"నేను ముట్టుకోలేదు" అంది సంపూర్ణమ్మ.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆమె ఇంక భరించలేకపోయింది. ట్యూబు మేకు మీంచి దించి దొడ్డి మధ్యలోకి తీసుకెళ్ళింది. చుట్టూ లారీ కోసం పేర్చిన గుట్టలు. ఎండ నడినెత్తి మీద ఉంది. ఆమెకి తెలుసుకోవాల్సింది ఒక్కటే. రెండూ కలిసిపోయి ఉంటే ఏసురాజు లేడు, రాడు, ఎక్కడో నీళ్ళ మీద దిక్కు తెలీకుండా ఉన్నాడు. దానికి కారణం కన్నతల్లి. కలవకపోతే? ఆ రెండో సగం ఆలోచించడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. వాల్వుని ఇంటి గుమ్మం వైపు తిప్పి పట్టుకుని, పిన్ను తీసింది.

బుస్సుమని గాలి వచ్చింది. దాంతోపాటు లవంగం వాసన. అత్త పక్కన కూర్చుని మొహం మీద మొహం పెట్టినట్టు వచ్చింది. సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుంది. ఆ వాసన చాలాసేపు వచ్చింది, సగం ట్యూబులో పట్టేంత కంటే ఎక్కువసేపు. అన్నేళ్ళ ఆదివారాలు వరసగా ఆమె చెంపని తాకుతూ వెళ్ళాయి. తరవాత సన్నబడి, ఆగింది. రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు.

ఆమె లేవబోయింది. కానీ ట్యూబు ఇంకా పూర్తిగా చదునవలేదు. అతుకు ఉన్న చోట చిన్న ఉబ్బు మిగిలి ఉంది, ఒక మనిషి ఒక్కసారి ఊదితే వచ్చేంత. మోకాళ్ళ మీద పెట్టుకుని అరచేతులతో దాన్ని మెల్లగా వాల్వు వైపు నెట్టింది.

జామాకు. పచ్చి చిగురు అప్పుడే నమిలిన వాసన. దొడ్లో జామచెట్టు లేక పదేళ్ళవుతోంది. ఆ వీధిలో కూడా ఎక్కడా లేదు. వాల్వులోంచి వచ్చిన ఆ కాస్త గాలి ఆమె చేతి మీంచి, వసారా మెట్ల మీంచి, తెరిచి ఉన్న గుమ్మంలోకి వెళ్ళింది. గుమ్మానికి కట్టిన గోనె పరదా ఒక్కసారి లోపలికి కదిలి, మళ్ళీ సర్దుకుంది. బయట ఆకు కదల్లేదు.

దొడ్లో అంత ఎండలోనూ ఆ మధ్యాహ్నం ఒక్క టైరు కూడా నిట్టూర్చలేదు.

సంపూర్ణమ్మ ఖాళీ ట్యూబుని మడతపెట్టి చంకలో పెట్టుకుంది. లుంగీ పీలికని చెంగున ముడేసుకుంది. ఫ్యాక్టరీ లారీకి లెక్క చూస్తున్న బుల్లియ్యని పిలిచి, "పాస్టరుగారికి చెప్పు. ఈ ఆదివారం కూడిక పెడదాం, మీ అన్నయ్యకీ అత్తకీ కలిపి" అంది. అతను నోరు తెరిచేలోగా దొడ్డి దాటిపోయింది.

సమాధుల దొడ్డి కాలవ గట్టు మీద ఉంది. రాహేలమ్మ మట్టి ఇంకా పూర్తిగా కుంగలేదు. సిలువ చెక్క మీద రంగు కూడా పోలేదు. సంపూర్ణమ్మ ఎండలో ఆ మట్టి పక్కన కూర్చుని, మడత ట్యూబుని దాని మీద పెట్టి, అరచేత్తో నిమిరింది. ఆసుపత్రి మంచం మీద, ఇంట్లో నులకమంచం మీద, తనని అన్నిసార్లు అడిగిన ఆ పెదాలు ఆమెకి గుర్తొచ్చాయి. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు.

"కలవలేదత్తా" అంది. "నీది పైనే ఉంది. ఆయనది అడుగున అలాగే ఉంది. నువ్వు పైన పట్టి ఉంచబట్టే ఉంది."

మిగతాది కూడా చెప్పింది.

"మీ అబ్బాయి ఇంటికొచ్చారు."